మిగులు

తరమణిలో ఆరో అంతస్తు.
కిటికీ కింద పైవంతెన రైలు
సగం ఖాళీగా వేలచ్చేరి వైపు పోతోంది.
నా పనేమిటో చెబితే మా పెద్దమ్మ ఇప్పటికీ నమ్మదు.
రోగిని చూడను, నాడి పట్టను,
మింగిన మాత్ర నెత్తుట్లో ఎంతసేపు నిలుస్తుందో
లెక్క కడతాను.

ఒంటిని ఒక తొట్టి అనుకుంటాం మేము.
పైనుంచి మందు పడుతుంది,
అడుగున కాలేయం అనే చిల్లు.
నీళ్ల లారీ కోసం బిందెలు వరసపెట్టిన వీధిలో పెరిగినదాన్ని,
ఎంత పోస్తే ఎంత కారుతుందో
నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది.

కణితికి ఇంకో సమీకరణం.
చిన్నప్పుడు ఉరుకుతుంది, పెరిగాక ఆయాసపడుతుంది,
ఆగదు మాత్రం.

నలభై రెండు మంది, నలభై రెండు గీతలు.
మాత్ర వేసిన అరగంటకి, రెండు గంటలకి, నాలుక్కి, ఎనిమిదికి
సూది గుచ్చి తీసిన చుక్కలు.
అందరూ నా వంపు చుట్టూనే తిరుగుతారు,
ఒకే గొడుగు కింద ఇమడలేని జనంలా
కాస్త లోపలికి, కాస్త బయటికి.
ముప్పై ఒకటి మాత్రం ప్రతిసారీ సగంలో.
సరిగ్గా సగంలో.

"తీసెయ్," అన్నారు విశ్వేశ్వరన్ సార్, టీ కప్పులోంచి తలెత్తకుండా.
"ఒక్కడి కోసం వంపు వంచుతావా?"
దాన్ని మేం మిగులు అంటాం.
లెక్క చెప్పింది ఒకటి, ఒళ్లు చెప్పింది ఒకటి,
మధ్యన ఉండిపోయిన దూరం.

పేర్లు నాకు తెలియకూడదు. నియమం.
ఆస్పత్రి నుంచి పొన్నరసి ఫోను:
"అక్కా, ఈయనది మీ భాష. మాత్రల లెక్క తేలడం లేదు,
కొంచెం అడిగి పెట్టు."
పేరు అడగనని చెప్పి మాట్లాడాను.

గరగరలాడే గొంతు. నాయుడుపేట మాట.
ముప్పై ఏళ్లు లారీ తోలాడట.
"మింగతానే ఉండానమ్మా. అబద్ధమెందుకు, సగమే.
మీ పరీక్ష అయిపోయినాక ఈ బిళ్లలు ఎవురిస్తారు?
ట్యాంకు అడుగంటా తోలితే
బండి ఏ తడ కాడో నిలిచిపోద్ది.
పౌడరు డబ్బాలో దాచిపెట్టినా.
రేపటికి ఉండాల గదా."

రేపటికి.
తొట్టికి పైనొక దారి, కిందొక దారి రాశాను గాని
పక్కన ఒక డబ్బా ఉంటుందని
ఏ సమీకరణంలోనూ రాసుకోలేదు.

కోపం రావాలి. రాలేదు.
రాత్రి తొమ్మిదింటికి స్కాన్‌ల వరస తెరిచాను.
అతని కణితీ అందరిదాంతో పాటే తగ్గింది.
అరిచేతులు పొలుసులు లేవలేదు, నోరు పూయలేదు.
అన్నం తిన్నాడు.
డైరీలో ఎవరో రాశారు: రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఒక్క మనిషి రుజువు కాడు, నాకు తెలుసు.
అందుకే కంప్యూటర్లో పదివేల మందిని పుట్టించాను,
అమ్మా నాన్నా లేనివాళ్లు, నొప్పి ఎరగనివాళ్లు.
అందరికీ సగం మాత్ర.
తెల్లారేసరికి వంపు తేలింది,
కొంత దూరం ఎక్కి
చదునుగా పడుకుంది.
ఆ చదును మీద మేం పోస్తున్న మిగతాదంతా
ఆకలిని చంపడానికే సరిపోతోంది.

సార్ ఈసారి కప్పు కింద పెట్టారు.
"మళ్లీ నడుపు."
నడిపాను. మళ్లీ మళ్లీ నడిపాను.
వచ్చే ట్రయల్ కాగితంలో రెండు మోతాదులు,
నిండుదొకటి, సగందొకటి.
చీటీ తీసి పంచుతారు.

నా ఫైల్లో ముప్పై ఒకటో వరస
రెండు వందల పన్నెండో రోజు దగ్గర ఆగింది.
చావు రాసి లేదు. రాలేదు, అంతే.
అక్కడిదాకే తెలుసు అనడానికి
మా దగ్గరొక గుర్తుంది, చిన్న నిలువు గీత,
రోడ్డు పక్క కిలోమీటరు రాయిలా.

డబ్బా వెనక్కి తెమ్మనడం పొన్నరసి పని.
తెమ్మందో లేదో నేనడగలేదు.
రోజుకు సగం చొప్పున
నూట ఆరు మిగిలి ఉండాలి.
సగం చొప్పునే అయితే
ఇంకో రెండు వందల పన్నెండు రోజులు.